యూరప్ ఉద్యోగపర్వం, 1914

1914 జూన్ చివరి వారం. జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ రేవులో ఏటా జరిగే తెరచాప పడవల పందేలు జోరుగా సాగుతున్నాయి. ఆ ఏడు బ్రిటిష్ నౌకాదళం కూడా అతిథిగా వచ్చింది. నాలుగు భారీ యుద్ధనౌకలు, మూడు తేలికపాటి క్రూయిజర్లు జర్మన్ నౌకల పక్కనే లంగరు వేశాయి. పగలు పందేలు, రాత్రి విందులు. ఇరు దేశాల నావికులు ఒకరి ఓడ మీదికి ఒకరు వెళ్లి వస్తున్నారు. 28వ తేదీ ఆదివారం మధ్యాహ్నం జర్మన్ చక్రవర్తి, కైజర్ రెండో విల్‌హెల్మ్ తన పడవ మీద పందెంలో ఉండగా ఒక మోటారు పడవ వేగంగా దగ్గరకు వచ్చింది. అందులో ఉన్న అడ్మిరల్ ఒక కాగితాన్ని సిగరెట్ పెట్టెలో పెట్టి పైకి విసిరాడు. ఆస్ట్రియా యువరాజునూ ఆయన భార్యనూ సరాయెవోలో కాల్చి చంపారన్నది ఆ కబురు. పందేలు ఆగిపోయాయి. జెండాలు కిందికి దిగాయి. జూన్ 30న, మంగళవారం, బ్రిటిష్ నౌకలు సెలవు తీసుకుంటూ జర్మన్ నౌకలకు ఒక సంకేతం పంపాయి. నిన్నటి దాకా మిత్రులం, ఎప్పటికీ మిత్రులమే అని దాని సారాంశం.

అక్కడికి అయిదో మంగళవారం, ఆగస్టు 4న, బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది.

ఆ సంకేతం పంపిన నావికులు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు తెలిసిన లోకం అదే. తర్వాత నాలుగేళ్లలో కోటి మందికి దగ్గరగా సైనికులు చనిపోతారని, నాలుగు సామ్రాజ్యాలు కూలిపోతాయని అప్పుడు ఎవరు చెప్పినా నమ్మేవారు కాదు. జరిగిపోయాక వెనక్కి తిరిగి చూసేవాళ్లకు మాత్రం ఆ యుద్ధం తప్పనిదిగానే కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు కూడా అలాగే చెబుతాయి: కూటములు కట్టారు, ఆయుధాలు పోగేశారు, నిప్పురవ్వ పడింది, అంటుకుంది. ఇంత తేలిగ్గా చెప్పేస్తే ఆ అయిదు వారాల్లో ఎవరు ఏం చేశారో, ఎవరు ఏం చేయలేదో అడగాల్సిన పని తప్పిపోతుంది. ఆ ప్రశ్న అడగడానికే ప్రత్యామ్నాయ చరిత్ర పుట్టింది. అలా కాక ఇలా జరిగి ఉంటే ఏమయ్యేది అని లెక్క వేసి చూసే పద్ధతి అది.

తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. తిరుపతి వేంకట కవుల భారత నాటకాలు ఆడే పందిట్లో తెల్లవార్లూ కూర్చున్న ఏ ప్రేక్షకుణ్ని అడిగినా చెబుతాడు. రాయబారం ఫలించదని అందరికీ తెలుసు. అయినా కృష్ణుడు సభలో నిలబడి మాట్లాడుతుంటే, ఈసారైనా సుయోధనుడు వింటాడేమోనని మనసు ఎదురుచూస్తుంది. ఉద్యోగపర్వం బలమంతా అక్కడే ఉంది. యుద్ధం ఇంకా రాలేదు, తలుపు ఇంకా తెరిచే ఉంది. 1914 జులై యూరప్‌కు ఉద్యోగపర్వం. తేడా ఒక్కటే, ఇక్కడ రాయబారులు ఎక్కువమంది, సభలు ఎక్కువ, పైగా ఒక సభలో ఏం జరుగుతోందో ఇంకో సభకు సరిగ్గా తెలియదు.

చరిత్రకారుల్లో చాలామందికి ఈ ఆట నచ్చదు. జరగనిదాని గురించి మాట్లాడటం కాలక్షేపమని ఇ.హెచ్. కార్ 1961లో కొట్టిపారేశాడు. అంతకు చాలా ముందే, 1906లో, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీనికి గట్టి సమాధానం ఇచ్చి పెట్టాడు. ఫలానాదే కారణం అని అన్నామంటే, అది లేకపోతే ఫలితం వేరుగా ఉండేదని ఒప్పుకున్నట్టే కదా. అంటే కారణం గురించి మాట్లాడే ప్రతి చరిత్రకారుడూ, తెలిసో తెలియకో, జరగని చరిత్రను మనసులో ఊహిస్తూనే ఉంటాడు. ఈ మాట కాదనడం కష్టం.

రచయితలు మాత్రం ఎప్పుడూ వెనకాడలేదు. 1931లో జె.సి. స్క్వైర్ సంపాదకత్వంలో ఇలాంటి వ్యాసాల సంకలనం ఒకటి లండన్‌లో వచ్చింది. అందులో విన్‌స్టన్ చర్చిల్ రాసిన వ్యాసం ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర దక్షిణాది సేనాని లీ గెలిచిన లోకంలో కూర్చున్న చరిత్రకారుడిలా ఆయన రాశాడు. ఆ లోకంలో ఇంగ్లిష్ మాట్లాడే దేశాలన్నీ ఒక్కటవుతాయి, 1914లో ఆ కూటమి అడ్డుపడి యుద్ధాన్ని ఆపుతుంది, 1932 నాటికి కైజర్ యూరప్ ఐక్యత కోసం బెర్లిన్‌లో సమావేశం పెట్టబోతుంటాడు. అదే సంకలనంలో ఎమిల్ లూడ్విగ్ మరో ప్రశ్న వేశాడు. విల్‌హెల్మ్ తండ్రి మూడో ఫ్రెడరిక్‌కు గొంతు క్యాన్సర్ రాకపోతే? ఫ్రెడరిక్ ఉదారవాది, విక్టోరియా రాణి పెద్దకూతురి భర్త. 1888లో సింహాసనం ఎక్కి 99 రోజులకే కన్నుమూశాడు. ఆయన తండ్రి 90 ఏళ్లు బతికాడు. ఆ ఆయుర్దాయమే కొడుక్కీ దక్కి ఉంటే 1914లో జర్మనీకి ఫ్రెడరిక్ చక్రవర్తిగా ఉండేవాడు.

ఈ ఊహలు చదవడానికి బాగుంటాయి. కానీ యాభై ఏళ్ల వెనక్కో, పాతికేళ్ల వెనక్కో వెళ్లి ఒక మార్పు చేస్తే మధ్యలో వేల మలుపులు వస్తాయి, ఏ మలుపు ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఊహ ఎంత దగ్గర్లో మొదలైతే, చేసే మార్పు ఎంత చిన్నదైతే, దాని మీద అంత నమ్మకం పెట్టుకోవచ్చు. అందుకే ఫ్రెడరిక్ గొంతు కంటే సరాయెవోలోని ఒక కారు మలుపు విలువైనది.

ఆ ఉదయం సంగతి చాలాచోట్ల అరకొరగా చెప్పారు కనుక కాస్త నెమ్మదిగా చూడాలి. నదిని ఆనుకుని ఉన్న అపెల్ కే రోడ్డు పొడవునా ఆరుగురు యువకులు బాంబులు, తుపాకులతో కాచుకుని ఉన్నారు. యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు మొదటివాడి ముందు నుంచి వెళ్లిపోయింది, అతను కదల్లేదు. తర్వాత వాళ్లలో చబ్రినోవిచ్ అనేవాడు బాంబు విసిరాడు. అది యువరాజు కారు వెనుక మడిచి ఉన్న పైకప్పుకు తగిలి కింద పడి, వెనక వస్తున్న కారు దగ్గర పేలింది. చాలామంది గాయపడ్డారు, యువరాజుకు ఏమీ కాలేదు. ఊరేగింపు టౌన్‌హాల్ చేరింది, ప్రసంగాలు కూడా అయ్యాయి. హత్యాయత్నం విఫలమైంది. అక్కడితో కథ ముగిసిపోవాలి.

గాయపడిన అధికారిని ఆసుపత్రిలో చూసి వెళ్తానని యువరాజు అన్నాడు. మంచి మనసుతో అన్న మాట అది. దాంతో దారి మారింది. ముందు అనుకున్నట్టు కుడివైపు ఫ్రాంజ్ జోసెఫ్ వీధిలోకి తిరగకుండా నది ఒడ్డునే నేరుగా పోవాలని పెద్దలు నిర్ణయించారు. ఆ నిర్ణయం డ్రైవర్ల చెవిన పడలేదు. లాటిన్ వంతెన దగ్గర ముందున్న కారు పాత దారిలోనే తిరిగింది, దాని వెనకే లియోపోల్డ్ లోయ్‌కా నడుపుతున్న యువరాజు కారూ తిరిగింది. దారి తప్పిందని గవర్నర్ పొటియోరెక్ అరిచాడు. లోయ్‌కా కారు ఆపాడు. అది ఆగిన చోటికి కొద్ది అడుగుల దూరంలో, షిల్లర్ దుకాణం ముందు, ఆ ఆరుగురిలో ఒకడైన 19 ఏళ్ల గావ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండు గుళ్లు పేల్చాడు. ప్రిన్సిప్ రొట్టె ముక్క కొనుక్కోవడానికి ఆ దుకాణానికి వచ్చాడన్న కథ ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. అది ఎవరో అల్లింది. ముందుగా ప్రకటించిన దారి అదే కనుక అతను అక్కడ నిలబడ్డాడు. తొలి పథకం ప్రకారం సరైన చోటే ఉన్నాడు. తప్పింది కారే.

లోయ్‌కాకు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే?

ఇక్కడ నుంచి ప్రత్యామ్నాయ చరిత్ర బలంగా నడుస్తుంది. ఎందుకంటే చనిపోయిన మనిషే వియన్నాలో యుద్ధానికి పెద్ద అడ్డంకి. ఆస్ట్రియా సేనాధిపతి కాన్రాడ్ సెర్బియా మీద యుద్ధం చేద్దామని ఏళ్ల తరబడి పోరు పెడుతున్నాడు. 1913లోనైతే పదేపదే అదే మాట. ప్రతిసారీ వద్దన్నవాళ్లలో ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ముందుండేవాడు. సెర్బుల మీద ప్రేమతో కాదు. సెర్బియా మీదికి వెళ్తే రష్యా వస్తుంది, రష్యాతో తలపడితే ఇద్దరు చక్రవర్తుల సింహాసనాలూ పోతాయి అన్నది ఆయన లెక్క. ఆ లెక్క ఎంత నిజమో 1917లోనూ 1918లోనూ తేలింది. ఆయన ముక్కోపి, హంగేరియన్లంటే గిట్టనివాడు, లక్షల సంఖ్యలో జంతువులను వేటాడి లెక్క రాసి పెట్టుకున్నవాడు. మహాత్ముడేమీ కాదు. కానీ శాంతిని కాపాడటానికి మహాత్ములే కానక్కర్లేదు, తన ఇల్లు ఎక్కడ అంటుకుంటుందో తెలిసినవాడు చాలు.

ఆయన బతికి ఉంటే జులైలో కాన్రాడ్ మళ్లీ అడిగేవాడు, మళ్లీ కాదనిపించుకునేవాడు. ముసలి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కు అప్పటికే 83 ఏళ్లు, 1848 నుంచి సింహాసనం మీద ఉన్నాడు. ఆయన 1916 నవంబరులో చనిపోయినప్పుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ చక్రవర్తి అయ్యేవాడు. ఆ మరుసటి ఏడే ఆస్ట్రియా, హంగేరీల మధ్య పదేళ్లకోసారి కుదిరే ఆర్థిక ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. హంగేరీ పెత్తనం తగ్గించి, సామ్రాజ్యంలోని స్లావులకు, రుమేనియన్లకు చోటు పెంచాలని ఆయన సలహాదారులు ఏళ్లుగా కాగితాల మీద పథకాలు గీస్తున్నారు. రుమేనియన్ మేధావి ఆరెల్ పొపొవిచ్ అయితే 1906లోనే బృహత్ ఆస్ట్రియా సంయుక్త రాష్ట్రాలు అనే ఆలోచనను పుస్తకంగా వేశాడు. అది హంగేరీ ప్రభువర్గం ఒప్పుకునే పథకం కాదు. 1917లో ఆస్ట్రియాకు పెద్ద సంక్షోభమే వచ్చేది. బుడాపెస్ట్ మీదికి సైన్యం నడిచే పరిస్థితి కూడా రావచ్చు. అయితే అది ఇంటి గొడవ, ఖండానికంతటికీ పాకాల్సిన అగ్ని కాదు.

ఈ ఊహను ఇక్కడే ఆపి చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. ఇంకో వైపు నుంచి వచ్చే ప్రశ్న కూడా వినాలి. సరాయెవో కాకపోతే ఇంకో ఊరు, ప్రిన్సిప్ కాకపోతే ఇంకొకడు రాడా? 1905లో మొరాకో గొడవ, 1908లో బోస్నియా గొడవ, 1911లో మళ్లీ మొరాకో, 1912, 1913లలో బాల్కన్ యుద్ధాలు. ప్రతిసారీ పెద్ద రాజ్యాలు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. లండన్‌లో రాయబారులు కూర్చుని బాల్కన్ గొడవను మాటలతోనే సర్దారు కూడా. వెనక్కి రావడం వాళ్లకు అలవాటైందని అనవచ్చు. వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అవమానం మింగారని, మరోసారి మింగకూడదని పళ్లు నూరారని కూడా అనవచ్చు. రెండూ నిజాలే.

జర్మన్ సైన్యాధికారుల భయం వేరే ఉంది. రష్యా కొత్త రైలు మార్గాలు వేస్తోంది, సైన్యాన్ని పెంచుతోంది. ఆ కార్యక్రమం 1917కు పూర్తవుతుంది. అప్పుడు రష్యాను గెలవలేం కనుక యుద్ధం వచ్చేదే అయితే ఇప్పుడే రావాలి అని సేనాధిపతి మోల్ట్‌కే వంటి వాళ్లు అనుకున్నారు. ఈ భయాన్ని తిరగేసి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. 1914 దాటిపోయి, 1915 దాటిపోయి, 1917 వచ్చి ఉంటే, జర్మనీ మొదటి దెబ్బ కొట్టే ధైర్యం చేసేది కాదు. శాంతికి కావాల్సింది శాశ్వతమైన ఒప్పందం కాదు, మూడేళ్ల గడువు.

సరాయెవోను అలాగే ఉంచి, పారిస్‌లో ఒక చిన్న మార్పు చేసి చూద్దాం. ఈ కథ మన దగ్గర తక్కువమందికి తెలుసు. జోసెఫ్ కయ్యో ఫ్రాన్స్ ఆర్థికమంత్రి, అంతకు ముందు ప్రధాని. 1911లో మొరాకో విషయంలో జర్మనీతో యుద్ధం దాకా వెళ్లిన తగవును బేరసారాలతో ముగించినవాడు ఆయనే. జర్మనీతో సర్దుకుపోవాలనేది ఆయన రాజకీయం. 1914 మొదట్లో ఫిగారో పత్రిక సంపాదకుడు గాస్టన్ కాల్‌మెట్ ఆయన మీద రోజూ దాడి చేస్తూ, చివరికి ఆయన పాత ప్రేమలేఖను కూడా అచ్చేశాడు. ఇంకా ఏం బయటపెడతాడోనని భయపడిన కయ్యో భార్య ఆన్రియెట్ మార్చి 16న దుకాణానికి వెళ్లి పిస్తోలు కొంది, అక్కడే కాల్చి చూసుకుంది, నేరుగా ఫిగారో కార్యాలయానికి వెళ్లి కాల్‌మెట్‌ను కాల్చి చంపింది. కయ్యో మంత్రి పదవికి రాజీనామా చేశాడు.

కొన్ని వారాలకే ఎన్నికలు జరిగాయి. సైనిక సేవను మూడేళ్లకు పెంచిన చట్టాన్ని వ్యతిరేకించిన వామపక్షాలు బలం పుంజుకున్నాయి. భార్య కేసు మెడకు చుట్టుకోకపోతే కయ్యో మళ్లీ ప్రభుత్వానికి నాయకుడయ్యే అవకాశం గట్టిగా ఉండేది. సోషలిస్టు నేత జాన్ జొరెస్ మద్దతూ దొరికేదే. దానికి బదులు విదేశాంగంలో అనుభవం లేని వివియానీ ప్రధాని అయ్యాడు. విదేశీ వ్యవహారాల పగ్గాలు అధ్యక్షుడు పాంకారే చేతిలో ఉండిపోయాయి. జులై 20 నుంచి 23 దాకా వాళ్లిద్దరూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ అతిథులు. రష్యాకు ఫ్రాన్స్ తోడుంటుందన్న మాట అక్కడ మరోసారి గట్టిపడింది. ఆ కుర్చీలో కయ్యో కూర్చుని ఉంటే ఆ మాట అంత గట్టిగా వినిపించేదా? రష్యా కాస్త ఆగి ఆలోచించేది కాదా? సరిగ్గా ఆ 20వ తేదీనే పారిస్‌లో ఆన్రియెట్ విచారణ మొదలైంది. ఫ్రెంచి పత్రికల మొదటి పేజీలు ఆమెవే. సెర్బియాకు ఆస్ట్రియా అల్టిమేటం ఇచ్చిన వార్త ఆ కోర్టు కథల మధ్య నలిగిపోయింది. జులై 28న ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టారు. ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది కూడా ఆ రోజే. మూడు రోజుల తర్వాత జొరెస్ ఒక కెఫేలో భోజనం చేస్తుండగా రౌల్ విల్లాన్ అనే యువకుడు కిటికీలోంచి కాల్చి చంపాడు. యుద్ధాన్ని ఆపమని పారిస్‌లో గొంతెత్తగల ఇద్దరిలో ఒకరు పరువు పోయి, ఇంకొకరు ప్రాణం పోయి తప్పుకున్నారు.

వియన్నా చేసిన ఆలస్యం ఇంకో వింత. జూన్ 28న హత్య జరిగింది, అల్టిమేటం వెళ్లింది జులై 23 సాయంత్రం. యూరప్ సానుభూతి అంతా ఆస్ట్రియా వైపున్న మొదటి వారంలో దెబ్బ కొట్టి ఉంటే గొడవ స్థానికంగానే ముగిసేదని కొందరి వాదన. అలా ఎందుకు చేయలేదు? హంగేరీ ప్రధాని టిస్జా రెండు వారాలు ఒప్పుకోలేదు. పాంకారే రష్యా వదిలి వెళ్లేదాకా ఆగుదామనుకున్నారు. ఇంకో కారణం మన పల్లెలకు బాగా అర్థమవుతుంది. అది కోతల కాలం. చాలామంది సైనికులకు పొలం పనుల కోసం సెలవులిచ్చారు. వాళ్లందరినీ వెనక్కి పిలిస్తే పంట పోతుంది, గుట్టు కూడా రట్టవుతుంది. గోధుమ కోతలు ఒక మహాయుద్ధం తేదీని నిర్ణయించడంలో చేయి వేశాయి.

సెర్బియా 48 గంటల్లో జవాబిచ్చింది. దాదాపు అన్ని షరతులకూ ఏదో ఒక రూపంలో తల ఊపి, తన గడ్డ మీద జరిగే న్యాయవిచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడానికి మాత్రం ఒప్పుకోలేదు. భారతంలో అయిదూళ్ల దగ్గర సంధి తెగితే ఇక్కడ ఒక్క షరతు దగ్గర తెగింది. సముద్ర విహారం నుంచి తిరిగి వచ్చిన కైజర్ ఆ జవాబును జులై 28 ఉదయం చదివాడు. ఇక యుద్ధానికి కారణమే లేదని అంచున రాసుకున్నాడు. ఆస్ట్రియా సైన్యం సరిహద్దు దాటి బెల్‌గ్రేడ్‌లో ఆగి, మాటలతో మిగతాది తేల్చుకోవాలని సూచించాడు. ఆ సూచన వియన్నాకు చేరేలోపే, ఆ ఉదయమే, ఆస్ట్రియా యుద్ధం ప్రకటించేసింది. పైగా ఛాన్సలర్ బెట్‌మాన్ హోల్‌వెగ్ ఆ సూచన పదును తగ్గించి, ఆలస్యంగా పంపాడు. ఆ కాగితం ఒక్క రోజు ముందు కైజర్ చేతికి వచ్చి ఉంటే అన్న ఊహ, సరాయెవో మలుపు కంటే ఎక్కువగా గుండెను మెలిపెడుతుంది. అక్కడ పొరపాటు ఒక డ్రైవర్‌ది. ఇక్కడ కళ్లు తెరిచి ఉన్న మంత్రులది.

జార్ రెండో నికొలస్ కూడా తడబడ్డాడు. 29వ తేదీన పూర్తి సైన్య సమీకరణకు ఒప్పుకుని, ఆ రాత్రి కైజర్ తంతి చూసి రద్దు చేశాడు. దగ్గరి బంధువులైన ఆ ఇద్దరు చక్రవర్తులూ విల్లీ, నికీ అని పిలుచుకుంటూ ఇంగ్లిష్‌లో తంతులు పంపుకున్నారు. వాటిలో ఒకదానిలో, ఈ తగవును హేగ్ న్యాయస్థానానికి అప్పగిద్దామని నికొలస్ అడిగాడు. అందుకోసమే హేగ్‌లో కట్టిన శాంతి సౌధం ఏడాది కిందటే, 1913 ఆగస్టులో తెరుచుకుంది. ఆ తంతిని బెర్లిన్ పక్కన పెట్టేసింది. 30వ తేదీ మధ్యాహ్నం విదేశాంగమంత్రి సజోనోవ్ గంటసేపు బతిమాలాక జార్ మళ్లీ సంతకం పెట్టాడు.

ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్ రాజప్రాసాదంలో జరిగిన దృశ్యం మరీ విచిత్రం. బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చని, ఫ్రాన్స్‌ను కూడా ఆపవచ్చని లండన్ నుంచి జర్మన్ రాయబారి లిచ్‌నోవ్‌స్కీ కబురు పంపాడు. కైజర్ ఎగిరి గంతేశాడు. అయితే సైన్యమంతటినీ తూర్పుకే, రష్యా మీదికే తిప్పుదాం అన్నాడు. అది కుదరదన్నాడు మోల్ట్‌కే. ఏడాది కష్టపడి వేసిన పథకం, 11,000 రైళ్ల టైంటేబుల్, ఒకసారి కదిలాక మార్చితే మిగిలేది సైన్యం కాదు, ఆయుధాలు పట్టిన గుంపు అని వాదించాడు. జర్మన్ రైల్వే విభాగం చూసిన జనరల్ ఫాన్ స్టాబ్స్ దీన్ని అవమానంగా తీసుకుని, యుద్ధం ముగిశాక ఒక పుస్తకం రాశాడు. సైన్యాన్ని ఎలా తూర్పుకు తిప్పగలిగేవాళ్లో అందులో రైలు రైలునా లెక్క చెప్పాడు. ప్రత్యామ్నాయ చరిత్రలో ఇంత నికార్సయిన గ్రంథం ఇంకోటి లేదేమో. కుదరదన్నది నిజం కాదు, కుదర్చాలన్న మనసు లేదు. ఆ రాత్రే లండన్ కబురు అపార్థమని తేలింది, కైజర్ మోల్ట్‌కేతో ఇక నీ ఇష్టం అనేశాడు.

లండన్ విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆ వేసవంతా బ్రిటన్‌కు యూరప్ కంటే ఐర్లండ్ పెద్ద తలనొప్పి. ఆస్ట్రియా అల్టిమేటాన్ని విదేశాంగమంత్రి గ్రే జులై 24న మంత్రివర్గానికి చదివి వినిపించినప్పుడు, అప్పటిదాకా వాళ్లు మాట్లాడుకుంటున్నది ఐర్లండ్‌లోని రెండు జిల్లాల సరిహద్దుల గురించి. యుద్ధంలోకి దిగే విషయంలో మంత్రులు చీలిపోయి ఉన్నారు, ఇద్దరు చివరిదాకా ఒప్పుకోక తప్పుకున్నారు. వాళ్లను కలిపింది జర్మనీయే, బెల్జియం మీద కాలుపెట్టి. స్టాబ్స్ రైళ్లు తూర్పుకు వెళ్లి ఉంటే బెల్జియం గొడవే ఉండేది కాదు. బ్రిటన్ దూరంగా ఉండిపోయే అవకాశం చాలా ఎక్కువ.

బ్రిటన్ దూరంగా ఉంటే భారతదేశమూ దూరంగా ఉండేది. ఈ ఊహ మన ఇంటి గడపలోకి వచ్చేది ఇక్కడే. పది లక్షలకు పైగా భారతీయులను సముద్రాలు దాటించి ఫ్రాన్స్‌కు, మెసపొటేమియాకు, పాలస్తీనాకు పంపారు. 74 వేలకు పైగా తిరిగి రాలేదు. హైదరాబాద్ నిజాం ఆశ్వికదళం పాలస్తీనా రంగంలో పోరాడింది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ ఆశ్విక దళాలకు గుర్తు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు రాజధాని ఆ ఊరే. యుద్ధం పేరుతో 1915లో తెచ్చిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం లేకపోతే దాని కొనసాగింపుగా రౌలట్ చట్టం ఉండేది కాదు, ఆ చట్టం మీద తిరుగుబాటూ జలియన్‌వాలా బాగ్ ఊచకోతా ఆ రూపంలో జరిగేవి కావు. టర్కీ సుల్తాను ఓడకపోతే ఖిలాఫత్ ఉద్యమానికి తావే లేదు. స్వాతంత్ర్యం రాకుండా ఉండేదని కాదు. ఏ దారిన, ఎవరి నాయకత్వంలో, ఎప్పుడు వచ్చేదన్నది మాత్రం చెప్పలేం.

ఎవరూ ఊహించకుండానే రాసిపెట్టిన ప్రత్యామ్నాయ చరిత్ర ఒకటుంది. అది అప్పటి మనుషుల డైరీల్లో, ఆహ్వానపత్రాల్లో ఉంది. ఆగస్టు 2న పారిస్‌లో ఎస్పెరాంటో భాషాభిమానుల ప్రపంచ మహాసభ, 3,700 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఆగస్టులోనే సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభ, మొదట వియన్నాలో అనుకున్నది. 1915లో హేగ్‌లో మూడో శాంతి సమావేశం. 1916లో బెర్లిన్ ఒలింపిక్స్, దానికి స్టేడియం కూడా కట్టేశారు. వీటిలో ఒక్కటీ జరగలేదు.

ఆ జాబితాలో ఆగస్టు 21 కూడా ఉంది. ఆ రోజు దక్షిణ రష్యా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. ఎర్విన్ ఫ్రాయిండ్లిష్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జులైలో టెలిస్కోపులు, కెమెరాలు మూటగట్టుకుని క్రిమియాకు బయల్దేరాడు. కొన్ని నెలల కిందటే బెర్లిన్‌లో కాపురం పెట్టిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి కొద్దిగా వంగుతుందని 1911లో లెక్క వేశాడు. గ్రహణం వేళ ఆ వంపును ఫొటో తీసి కొలవడం ఫ్రాయిండ్లిష్ పని. అతను క్రిమియాలో ఉండగానే యుద్ధం ప్రకటించారు. శత్రుదేశస్థుడని రష్యన్లు అరెస్టు చేశారు, పరికరాలు స్వాధీనం చేసుకున్నారు. గ్రహణం అతను లేకుండానే వచ్చి వెళ్లిపోయింది. కీవ్ దగ్గర కాచుకున్న అమెరికన్ బృందానికి మబ్బులు అడ్డొచ్చాయి.

యుద్ధం రాకపోయి, క్రిమియా ఆకాశం తేటగా ఉండి ఉంటే ఫ్రాయిండ్లిష్ ఆ కొలత తీసేవాడు. అది ఐన్‌స్టీన్ చెప్పిన సంఖ్యతో కలిసేది కాదు. 1911 నాటి ఆ లెక్కలో వచ్చిన వంపు, అసలు వంపులో సగమే. 1915 నవంబరులో, యుద్ధం మధ్యలో, బెర్లిన్‌లో కూర్చుని ఐన్‌స్టీన్ ఆ లెక్కను తనంతట తానే సరిదిద్దుకున్నాడు. 1919 మే గ్రహణంలో కొలిచి అది నిజమని చెప్పింది ఇంగ్లండ్ నుంచి వెళ్లిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ బృందం. అప్పటికి తుపాకులు ఆగి ఆరు నెలలు.